సంతకం ఎవరిది?



వార్షికోత్సవ సంచికకు ఆరోగ్యం మీద వ్యాసం రాసే పని ఈ ఏడు మాకు అప్పజెప్పారు. మొదట రక్తహీనత గురించి రాద్దామనుకున్నాం. ఐరన్ మాత్రలు, మునగాకు, వేరుశనగ చిక్కీ... ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాసేదే, రాయడం తేలిక కూడాను. అయితే ఒకరోజు రాత్రి స్టడీ అవర్ అయ్యాక వరండాలో కూర్చుని మాట్లాడుకుంటుంటే గర్భాశయ క్యాన్సర్ రాకుండా వేసే టీకా మాట వచ్చింది. కాలేజీకి డాక్టరమ్మ వచ్చి చెప్పి వెళ్ళిందని, వేయించుకుందామా అని డిగ్రీ చదివే ఒక అక్క అడిగింది. అంతే, పది నోళ్ళు లేచాయి. "అది వేయించుకుంటే పిల్లలు పుట్టరంట." "పెళ్ళి కానోళ్ళకు ఎందుకంట?" "ఖమ్మంలో హాస్టల్ పిల్లలకు వేస్తే చచ్చిపోయారంట కదా!" ఆ చివరి మాటతో అందరం గమ్మున అయిపోయాం. 'హాస్టల్ పిల్లలు' అన్న మాట వింటే మనకు అలాగే ఉంటుంది మరి.

ఆ రాత్రి నుంచి రక్తహీనత సంగతి పక్కన పెట్టి దీని వెంట పడ్డాం. పాత వార్తలు, పార్లమెంటు కమిటీ నివేదికలోని అంకెలు, డాక్టర్లు రాసిన వ్యాసాలు వెతికి చదివాం. అర్థం కానిచోట తెలిసినవాళ్ళను అడిగాం. తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాం. కొంచెం పెద్దదే అయింది, ఓపికగా చదవండి.

ఖమ్మంలో ఏం జరిగింది?

2009 జూలైలో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో ఒక టీకా కార్యక్రమం మొదలైంది. పాత్ అనే అమెరికా స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన పని అది. డబ్బు బిల్ అండ్ మెలిండా గేట్స్ ఫౌండేషన్ ఇచ్చింది. మెర్క్ కంపెనీ తన గార్డాసిల్ టీకాను ఉచితంగా ఇచ్చింది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలను సుమారు 14 వేల మందిని ఎంచుకుని మూడు విడతలుగా వేయడం మొదలుపెట్టారు. గుజరాత్‌లోని వడోదరలో కూడా ఇలాంటిదే, సర్వారిక్స్ అనే వేరే కంపెనీ టీకాతో 10 వేల మందికి పైగా పిల్లలకు జరిగింది.

ఖమ్మం పిల్లల్లో చాలామంది ఆదివాసీలు, పేదింటివాళ్ళు. ఆశ్రమ పాఠశాలల్లో, ప్రభుత్వ హాస్టళ్ళలో ఉండి చదువుకునేవాళ్ళు ఎందరో ఉన్నారు. హాస్టల్ అంటే ఏ కార్యక్రమం చేసేవాళ్ళకైనా సులువు. ఇల్లిల్లూ తిరగక్కర్లేదు, వంద మంది ఒక్కచోటే దొరుకుతారు, గంట కొడితే వరసలో నిలబడతారు. మాత్రలు పంచేవాళ్ళూ, సర్వే చేసేవాళ్ళూ ముందు మన గుమ్మమే ఎక్కడం మనకు తెలియనిది కాదు.

2010 మొదట్లో మహిళా సంఘాలవాళ్ళు భద్రాచలం ప్రాంతానికి వెళ్ళి పిల్లలను, తల్లిదండ్రులను కలిసి మాట్లాడారు. తమకు వేసిన సూది ఏమిటో, దేనికో చాలామంది పిల్లలకు సరిగా తెలియదని బయటపడింది. టీకా వేయించుకున్నవాళ్ళలో కొందరు చనిపోయారన్న వార్త కూడా వచ్చింది. పెద్ద గొడవైంది. 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం కార్యక్రమాన్ని ఆపించి విచారణ కమిటీ వేసింది. తర్వాత 2013 ఆగస్టులో పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఈ వ్యవహారాన్ని చాలా గట్టిగా తప్పుపట్టింది.

ఆ నివేదికలోని అంకెలు చదివినప్పుడు మాకు కాసేపు మాట రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన అంగీకార పత్రాలు 9,543. వాటిలో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకం చేశారు.

2,763 మంది పిల్లలు. ఒక్కొక్కరికీ ఊళ్ళో అమ్మో నాన్నో అమ్మమ్మో ఉండి ఉంటారు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు "జబ్బ మీద ఏంటే ఆ వాపు?" అని అడిగి ఉంటారు. వార్డెన్లను మాత్రమే తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. పైనుంచి కాగితాలు వస్తాయి, ఫలానా తేదీలోగా పూర్తి చేయమంటారు, ఊరు దూరం, తల్లిదండ్రులు కూలికి పోయి ఉంటారు. అయినా సరే, ఒక పిల్ల ఒంట్లోకి వెళ్ళే మందుకు ఆ పిల్లకూ, కన్నవాళ్ళకూ చెప్పకుండా ఇంకొకరు సరేనంటే అది అంగీకారం ఎలా అవుతుంది?

మరి ఆ చావుల సంగతి?

వరండాలో మమ్మల్ని భయపెట్టింది ఇదే కాబట్టి జాగ్రత్తగా చూశాం. ఆంధ్రప్రదేశ్‌లో అయిదుగురు, గుజరాత్‌లో ఇద్దరు, మొత్తం ఏడుగురు పిల్లలు చనిపోయారు. విచారణలో తేలిన కారణాలు ఇవి: ఒక అమ్మాయి క్వారీ గుంటలో మునిగిపోయింది. ఒకరు పాముకాటుతో, ఒకరు మలేరియాతో చనిపోయారు. ఇద్దరు పురుగుమందు తాగారు. మిగిలిన ఇద్దరి విషయంలో, ఒకరికి జ్వరం, ఇంకొకరికి మెదడులో రక్తస్రావం అయి ఉండవచ్చన్నారు గానీ కారణం అంత స్పష్టంగా తేలలేదు. టీకాకు ఈ మరణాలతో సంబంధం ఉన్నట్టు కనబడలేదని 2011లో కమిటీ తేల్చింది. అయితే అంగీకారం తీసుకున్న పద్ధతిలో, పిల్లలను తర్వాత గమనించిన పద్ధతిలో లోపాలున్నాయని ఆ కమిటీయే చెప్పింది. మరణాల మీద విచారణ వెంటనే, గట్టిగా జరగలేదని పార్లమెంటు సంఘం కోప్పడింది.

పాముకాటు, పురుగుమందు, మలేరియా. పత్తి, మిరప పండే మన పల్నాడులో ఈ మూడూ ఎవరికి తెలియవు? ఆ పిల్లలను చంపినవి పేదింటి ఆడపిల్లలను ఎప్పుడూ చంపుతున్నవే. సూది గొడవ రాకపోతే ఆ ఏడుగురి పేర్లు ఏ కమిటీ ముందుకూ వచ్చేవి కావేమో.

మాకు అర్థమైనంతవరకు ఖమ్మంలో తప్పు జరిగింది, పెద్ద తప్పే. అది అడగకపోవడంలో, చెప్పకపోవడంలో జరిగిన తప్పు. సీసాలో ఉన్న మందు చెడ్డదని మాత్రం ఎక్కడా రుజువు కాలేదు. ఈ రెండూ కలిసిపోయి జనం నోట "హాస్టల్ పిల్లలు చచ్చిపోయారంట" అన్న ఒక్క మాటగా మిగిలిపోయింది. ఆ మాటకు భయపడి మనం దూరంగా ఉంటే నష్టం మళ్ళీ మనకే. డబ్బున్నవాళ్ళ పిల్లలకు పెద్ద ఊళ్ళ ఆసుపత్రుల్లో ఈ టీకా ఏళ్ళ తరబడి వేస్తూనే ఉన్నారు.

ఆగిపోయిన దాంట్లోంచి తెలిసిన సంగతి

మేము చదివినవాటిలో మమ్మల్ని బాగా ఆశ్చర్యపరిచింది ఇది. 2009 సెప్టెంబరులోనే మన దేశంలో ఇంకో పరిశోధన విడిగా మొదలైంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో తొమ్మిది చోట్ల, అందులో హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఒకటి, 10 నుంచి 18 ఏళ్ళ పెళ్ళికాని ఆడపిల్లలకు టీకా వేసి, రెండు డోసులు చాలునా, మూడు కావాలా అని చూడాలనుకున్నారు. 2010 ఏప్రిల్‌లో ఖమ్మం గొడవతో ప్రభుత్వం అన్నిటినీ ఆపమన్నప్పుడు ఇదీ ఆగిపోయింది. అప్పటికి 17,729 మంది చేరారు. వాళ్ళలో 4,950 మందికి ఒక్క డోసే పడింది. రెండోది వేద్దామన్నా వీల్లేకపోయింది.

పరిశోధకులు ఆ పిల్లలను వదిలేయకుండా ఏళ్ళ తరబడి గమనించారు. పదేళ్ళ ఫలితాలు 2021లో వచ్చాయి. ఈ క్యాన్సర్‌కు ముఖ్య కారణమైన రెండు రకాల వైరస్ ఒంట్లో స్థిరపడకుండా ఒక్క డోసు కూడా దాదాపు 95 శాతం కాపాడింది. రెండు, మూడు డోసులు వేసుకున్నవాళ్ళకు కూడా ఇంచుమించు అంతే. ఎవరూ కావాలని చేసిన పని కాదు. సగంలో ఆగిపోయిన సూదులు ప్రపంచానికి ఒక కొత్త సంగతి నేర్పాయి. ఇలాంటి ఆధారాల మీదే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో, 9 నుంచి 20 ఏళ్ళవాళ్ళకు ఒకటి లేదా రెండు డోసులు వేయవచ్చని చెప్పింది. బీద దేశాల్లో ఇంకెన్ని లక్షల మంది పిల్లలకు ఈ టీకా అందడానికి ఇది దారి తీసిందో ఆలోచించండి. మన హైదరాబాద్ పిల్లలూ అందులో ఉన్నారు.

అసలు జబ్బు ఏమిటి?

గర్భసంచి కింది భాగాన, యోని పైచివర ఉండే సన్నటి ద్వారాన్ని గర్భాశయ ముఖద్వారం అంటారు. అక్కడ వచ్చేదే సర్వికల్ క్యాన్సర్. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాది సుమారు 1 లక్షా 27 వేల మంది స్త్రీలకు ఇది కొత్తగా వచ్చింది, సుమారు 80 వేల మంది చనిపోయారు. ప్రపంచంలో ఈ జబ్బుతో పోయే ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు మన దేశపు ఆడమనిషే.

దీనికి కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్, పొట్టిగా హెచ్‌పీవీ. ఈ సంగతి కనిపెట్టినందుకు జర్మనీకి చెందిన హెరాల్డ్ త్సూర్ హౌజన్ గారికి 2008లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈ వైరస్‌లో 200కు పైగా రకాలున్నాయి, ఎక్కువ భాగం ప్రమాదం లేనివి. 16, 18 అనే రెండు రకాలే పదింట ఏడు సర్వికల్ క్యాన్సర్లకు కారణం. చర్మం చర్మం తగలడం వల్ల, ముఖ్యంగా లైంగిక సంబంధం ద్వారా ఇది అంటుకుంటుంది. చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు అంటుకుని, రెండేళ్ళలోపు దానంతట అదే పోతుంది, వచ్చిన సంగతి కూడా తెలియదు. కొందరిలో మాత్రం పోకుండా అక్కడే తిష్ఠ వేస్తుంది. అలా ఉండిపోయి, లోపలి కణాలను కొద్దికొద్దిగా మారుస్తూ, మామూలుగా 15, 20 ఏళ్ళకు క్యాన్సర్ అవుతుంది. ఇరవైల్లో అంటుకున్నది నలభైల్లో బయటపడుతుందన్నమాట. అప్పటికి పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు నెత్తిన ఉంటాయి. తెల్లబట్ట అవుతుందనో, నెలసరి ఆగిపోయాక మళ్ళీ కనబడిందనో అమ్మ ఎవరితోనూ చెప్పదు. మిరపకోతలు అయ్యాక చూపించుకుందాంలే అంటుంది.

ఇంకొక ఆడమనిషి గురించి ఇక్కడ చెప్పాలి. అమెరికాలో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ ఉండేది. పొగాకు చేలల్లో పనిచేసిన కుటుంబం ఆమెది. 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో ఆమెకు ఈ క్యాన్సరే అని తేలింది. ఆమెకు చెప్పకుండా, అడగకుండా డాక్టర్లు ఆ గడ్డలోంచి కొంచెం ముక్క తీశారు. ఆమె 31 ఏళ్ళకే అదే సంవత్సరం అక్టోబరులో చనిపోయింది. ఆమె కణాలు మాత్రం ప్రయోగశాలల్లో ఇప్పటికీ పెరుగుతూనే ఉన్నాయి. లెక్కలేనన్ని పరిశోధనలు వాటి మీద జరిగాయి. ఆ కణాల్లోనే 18వ రకం హెచ్‌పీవీ దొరికింది. తమ ఇంటి మనిషి కణాలు ప్రపంచమంతా తిరుగుతున్నాయని ఆ కుటుంబానికి తెలియడానికే ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది. ఖమ్మం గురించి చదివాక ఆమె కథ చదివితే, అడగకుండా తీసుకోవడమూ అడగకుండా ఇవ్వడమూ ఎవరి విషయంలో జరుగుతాయో మాకు కొంత తెలిసినట్టనిపించింది.

"పెళ్ళి కానిదానికి ఎందుకు?"

ఈ టీకాకు అన్నిటికంటే పెద్ద అడ్డం ఈ ప్రశ్నే. లైంగిక సంబంధం ద్వారా వచ్చే వైరస్ అనగానే, టీకా వేయించుకునే పిల్ల నడవడిక మీదికి పోతుంది మాట. మాలో ఒకరు ఇంట్లో ఈ సంగతి ఎత్తితే "నీకేం అవసరమొచ్చిందే?" అని గద్దించారు.

ఇది పుట్టిన బిడ్డకు పోలియో చుక్కలు వేయడం లాంటిదే. జబ్బు వచ్చాక వేస్తే ఏం లాభం? వైరస్ ఒంట్లోకి రాకముందే టీకా పడితే పూర్తి ఫలితం ఉంటుంది. అందుకే పెళ్ళికి ముందు, ఇంకా చెప్పాలంటే చిన్నప్పుడే వేయాలంటారు. పెళ్ళయ్యాక ఒక్క భర్తతోనే బతికిన స్త్రీకి కూడా ఆ భర్త ద్వారా వైరస్ రావచ్చు. అతనికి అది ఉన్నట్టు అతనికే తెలియదు. మరి ఇందులో ఎవరి నడవడికను నిలదీస్తాం? ఈ మాట అమ్మలకు వివరంగా చెబితే అర్థం చేసుకుంటారు. మన అమ్మలు చదువుకోలేదు గానీ తెలివి తక్కువవాళ్ళు కారు.

టీకాలో బతికున్న వైరస్ ఉండదు, చచ్చిన వైరస్ కూడా ఉండదు. వైరస్ పైతొడుగులాంటి బొమ్మను ప్రయోగశాలలో తయారు చేసి అదే సూదిలో ఇస్తారు. లోపల ఏమీ ఉండదు కాబట్టి జబ్బు తెప్పించలేదు. మన ఒళ్ళు ఆ బొమ్మను చూసి గుర్తుపెట్టుకుని, అసలుది వచ్చినప్పుడు తరిమేస్తుంది. పిల్లలు పుట్టరన్న మాటకు ఏ ఆధారమూ లేదు. ఈ టీకా 2006 నుంచి ప్రపంచంలో కోట్ల మందికి వేశారు, వాళ్ళు తల్లులయ్యారు కూడా. నిజానికి ఈ క్యాన్సర్ వస్తేనే గర్భసంచిని తీసేయాల్సి రావచ్చు. సూది వేసినచోట నొప్పి, వాపు, కొంచెం జ్వరం, తలనొప్పి రావచ్చు, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. సూది అంటే భయపడి కళ్ళు తిరిగి పడేవాళ్ళు ఉంటారు కాబట్టి వేయించుకున్నాక పావుగంటైనా కూర్చోబెడతారు. ఖాళీ కడుపుతో పోకండి. నెలసరిలో ఉన్నా వేయించుకోవచ్చు. గర్భిణులకు మాత్రం వేయరు. ఇంతకుముందు ఏ టీకాకైనా ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం జరిగి ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి.

ఫలితం ఉందా అంటే, ఇంగ్లండులో 12, 13 ఏళ్ళప్పుడు టీకా పడినవాళ్ళలో ఈ క్యాన్సర్ 87 శాతం తగ్గిందని 2021లో తేలింది. అక్కడే 16 నుంచి 18 ఏళ్ళ మధ్య వేయించుకున్నవాళ్ళలో తగ్గింది 34 శాతమే. ఆలస్యంగా వేసుకున్నవాళ్ళలో కొందరికి అప్పటికే వైరస్ తగిలి ఉండటం దీనికి ముఖ్య కారణం. ఈ రెండో అంకెను మేము దాచదలచుకోలేదు. కాలేజీ వయసులో వేయించుకుంటే లాభం లేదని దీని అర్థం కాదు. వైరస్ ఇంకా తగలనివాళ్ళకు 20 ఏళ్ళప్పుడు కూడా టీకా బాగా పనిచేస్తుంది. తొమ్మిది, పది చదివే చెల్లెళ్ళు మాత్రం డిగ్రీకి వచ్చాక చూద్దాంలే అనుకోవద్దు. మన దేశంలోనే సిక్కిం రాష్ట్రం 2018లో 9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు బడుల్లోనే వేసింది. ముందుగా టీచర్లకూ తల్లిదండ్రులకూ కూర్చోబెట్టి చెప్పి మరీ వేశారు. 95 శాతానికి పైగా పిల్లలు వేయించుకున్నారు. ఖమ్మంలో వేసినదీ, సిక్కింలో వేసినదీ ఒకే టీకా.

ఖర్చు మాట

పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారు చేసిన సర్వావాక్ అనే మన దేశపు టీకాకు 2022 జూలైలో అనుమతి వచ్చింది. 2023లో బజారులోకి వచ్చినప్పుడు డోసు సుమారు 2 వేల రూపాయలు. విదేశీ కంపెనీలవి అప్పట్లో ఇంకా ఎక్కువ. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ కూడా 9 నుంచి 26 ఏళ్ళ వరకు వేయవచ్చు. 15 దాటితే కంపెనీ చెప్పిన లెక్క మూడు డోసులు, అంటే ఆ ధరకు ఆరు వేలు. కాస్మెటిక్ చార్జీలు దాచుకుంటే తేలే డబ్బు కాదని మనందరికీ తెలుసు. ప్రభుత్వం వైపు నుంచి 2024 ఫిబ్రవరి బడ్జెట్ ప్రసంగంలో 9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామన్నారు. ప్రభుత్వ కార్యక్రమాలు చూసేది ఎక్కువగా ఆ చిన్న వయసు వైపే. కాలేజీ చదివే మనం మధ్యలో పడిపోయాం. మనం స్కూల్లో ఉన్నప్పుడు ఖమ్మం భయంతో ఎవరూ వేయలేదు, ఇప్పుడేమో వయసు దాటింది.

అందుకే ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థినులకు, ముఖ్యంగా ఉద్యోగాల్లో స్థిరపడిన అక్కలకు ఒక విన్నపం. వార్షికోత్సవానికి మీరు ఫ్యాన్లు, ప్లేట్లు, బీరువాలు ఇస్తున్నారు, సంతోషం. ఈసారి ఒక్కొక్కరు ఒక్కొక్క చెల్లెలి డోసుల ఖర్చు పెట్టుకోగలరేమో ఆలోచించండి. డాక్టరు ఒప్పుకుంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్కన ఒకటి రెండు డోసులతోనైనా మొదలుపెట్టవచ్చు. అసలు లేనిదానికంటే ఒక్కటి చాలా మేలని ఆగిపోయిన ఆ పరిశోధనే చెప్పింది.

టీకా వేయించుకున్నా 30 ఏళ్ళు దాటాక పరీక్ష మానకూడదు, మిగతా రకాల వైరస్‌లు ఉంటాయి కాబట్టి. ఇక మన అమ్మల వయసుకు టీకా కంటే పరీక్షే ముఖ్యం. ముఖద్వారం మీద పలచటి ఎసిటిక్ యాసిడ్, అంటే వెనిగర్‌లాంటిది, అద్ది చూస్తారు. మారిన కణాలుంటే తెల్లగా కనబడుతుంది. అయిదు నిమిషాల పని, నొప్పి ఉండదు. క్యాన్సర్ కాకముందే పట్టుకుంటే చిన్న చికిత్సతో పోతుంది. మన మండలం ఆరోగ్య కేంద్రంలో ఏఎన్‌ఎం గారిని అడిగితే పరీక్ష ఎక్కడ, ఏ రోజు చేస్తారో చెబుతారు. నెలసరి మధ్యలోనో, కలయిక తర్వాతో, నెలసరి పూర్తిగా ఆగాకో రక్తం కనబడితే మాత్రం రోజు చూసుకోకుండా నరసరావుపేట ప్రభుత్వ ఆసుపత్రికో, గుంటూరు జనరల్ ఆసుపత్రికో తీసుకుపోవాలి.

మన హాస్టల్లో ఎలా చేద్దాం?

వ్యాసం రాయడానికి ముందే మేము కూర్చుని కొన్ని అనుకున్నాం. వార్డెన్ మేడం గారికి చెబితే, తాను ఎవరి తరఫునా సంతకం పెట్టనని ఆవిడే ముందు అన్నారు. మాకు చాలా ధైర్యం వచ్చింది.

18 నిండినవాళ్ళు తమ సంతకం తామే పెట్టాలి. నిండనివాళ్ళ కాగితం ఇంటికి వెళ్ళాలి. చదవడం రాని అమ్మకు మనమే చదివి వినిపించాలి. వేలిముద్ర తప్పు కాదు, వినకుండా వేసిన వేలిముద్రే తప్పు. టీకా వేసే రోజున డాక్టరును అడగాల్సినవి కూడా రాసి నోటీసు బోర్డుకు అంటిస్తాం. ఇది ఏ కంపెనీది, ఎన్ని డోసులు, రెండోది ఎప్పుడు, రాత్రిపూట జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, వద్దంటే ఏమవుతుంది. వద్దన్న పిల్లను ఎవరూ ఏమీ అనకూడదు, మళ్ళీ అడిగే హక్కు ఆమెకు ఉంటుంది. ప్రతి ఒక్కరి చేతికీ తేదీ రాసిన కార్డు రావాలి. ఆ కార్డు హాస్టల్ బీరువాలో కాకుండా మన ట్రంకుపెట్టెలో ఉండాలి, ఎందుకంటే మనం ఈ హాస్టల్ వదిలి వెళ్ళిపోతాం, బీరువా మనతో రాదు.

తేదీల దగ్గర ఒక చిక్కుంది. మూడు డోసులైతే మొదటిదాని తర్వాత రెండు నెలలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. ఫిబ్రవరిలో మొదలుపెడితే రెండోది పరీక్షల్లో పడుతుంది, తర్వాత వేసవి సెలవులు, కొందరు ఊళ్ళకు, కొందరు కూలి పనులకు చెదిరిపోతారు. అందుకని జూలైలో, హాస్టల్ అడ్మిషన్లు అయ్యాక మొదటిది వేయించుకుంటే సెప్టెంబరులో దసరా సెలవులకు ముందు రెండోది, జనవరిలో సంక్రాంతికి ఇళ్ళకు వెళ్ళే ముందు మూడోది అయిపోతాయి. పేర్లు ఇవ్వదలచినవాళ్ళు జూన్ ఆఖరులోపు మాలో ఎవరికైనా చెప్పండి. అమ్మను అడిగి వచ్చి చెప్పండి.